ఎంఎస్ తొలిదశ: మెదడులో మొదటి దెబ్బ దేనికి తగులుతుంది?

కొత్తపేజీ
అందరికీ నమస్కారం. ఈ మధ్య నా కుడికంటి చూపు మసకబారింది, కనుగుడ్డు తిప్పితే నొప్పి. ఆప్టిక్ న్యూరైటిస్, అంటే కంటినరం వాపు అన్నారు. స్టెరాయిడ్లతో చూపు చాలావరకు తిరిగొచ్చింది. ఎంఆర్ఐ తీస్తే మెదడులో వేరేచోట్ల కూడా మచ్చలు కనిపించాయి, వాటిలో కొన్ని పాతవన్నారు. వెన్నునీటి పరీక్షలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు (అక్కడ యాంటీబాడీలు తయారవుతున్నాయన్న గుర్తు) వచ్చాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేల్చారు.

నన్ను తొలిచేస్తున్నది ఆ పాత మచ్చల సంగతి. అవి పడినప్పుడు నాకు ఏ బాధా లేదు, తిమ్మిరి కూడా లేదు. మరి జబ్బు ఎప్పుడు మొదలైనట్టు? ఇంకొకటి. ఎక్కడ చదివినా కరెంటు తీగ పోలికే చెబుతున్నారు: పై తొడుగు ఊడిపోతుంది, లోపలి తీగ బాగానే ఉంటుంది అని. అదే నిజమైతే మందు వెంటనే మొదలుపెట్టాలని ఇంత తొందర ఎందుకు? తొడుగు మళ్లీ వస్తుందేమో చూద్దాం అనుకోవచ్చు కదా?

పాతకాపు
రండి. మొదట్లో మేమందరం ఇదే ప్రశ్న వేశాం. పాత మచ్చల గురించి మాత్రం చెప్తాను, మిగతాది తెలిసినవాళ్లు చెప్తారు. ఎంఎస్‌లో ఎంఆర్ఐ మీద కొత్తగా పడే మచ్చల్లో ఎక్కువ శాతం మనకు తెలియకుండానే పడతాయి. ఒక్క రిలాప్స్, అంటే లక్షణాలు మళ్లీ విరుచుకుపడటం, వచ్చేలోపు స్కాన్‌లో ఐదు నుంచి పది కొత్త మచ్చలు కనిపించవచ్చని మా డాక్టర్ అనేవారు. కంటినరం సన్నగా, ఇరుకుగా ఉంటుంది, అక్కడ ఏ చిన్న తేడా వచ్చినా వెంటనే తెలుస్తుంది. మెదడు లోపల అంత ఇరుకు లేదు.

స్లైడ్‌బాక్స్
పాథాలజీ నా వృత్తి, నరాల కణజాలం చూడటమే పని. ఆ తీగ పోలికతో నాకు ఎప్పటినుంచో పేచీ ఉంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

1868లో పారిస్‌లో షార్కో ఈ జబ్బును వివరంగా వర్ణించినప్పుడే మైలిన్, అంటే మీరన్న పై తొడుగు, పోయినచోట యాక్సాన్లు, అంటే లోపలి నాడీతంతువులు, చాలావరకు మిగులుతాయని గమనించాడు. చాలావరకు అన్నాడే తప్ప అన్నీ అనలేదు. తర్వాత వందేళ్లు పాఠ్యపుస్తకాలు మైలిన్‌నే పట్టుకున్నాయి. 1997లో ఫెర్గుసన్ బృందం తాజా మచ్చల్లో యాక్సాన్ల లోపల ఒక ప్రోటీన్ పేరుకుపోయి ఉండటం చూపించింది. యాక్సాన్ లోపలి రవాణా ఆగిపోతేనే అది అలా పేరుకుంటుంది. మరుసటి ఏడాది ట్రాప్ బృందం లెక్కపెట్టింది. మైలిన్ చురుగ్గా పోతున్న మచ్చల్లో ఘన మిల్లీమీటరుకు 11,000కు పైగా తెగిన యాక్సాన్ కొసలున్నాయి. దీర్ఘకాలంగా రగులుతున్న మచ్చల అంచున 3,000 పైచిలుకు, వాటి నడిమధ్యలో 900 లోపు. ఎంఎస్ లేనివారి తెల్ల పదార్థంలో (మెదడు లోపల మైలిన్ నిండిన భాగం) ఒకటి కూడా రాదు.

ఆ అంకెల్లో చూడాల్సింది వరస. తెగుడు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది వాపు తాజాగా, భగ్గుమంటున్నచోట. పాతబడినకొద్దీ తగ్గింది. వాళ్లు పరిశీలించిన 11 మందిలో జబ్బు బయటపడి రెండు వారాలే అయినవారూ ఉన్నారు. తెగిన యాక్సాన్ మెదడులో మళ్లీ పెరిగి అతుక్కోదు. డాక్టర్ల తొందరకు కారణం ఇదే.

ఇక మచ్చ పుట్టే తీరు. సాధారణంగా చెప్పే కథ ఇది: ఒక చిన్న సిర చుట్టూ టి కణాలు, కొన్ని బి కణాలు (రెండూ లింఫోసైట్లు అనే ఇమ్యూన్ కణాలే) చేరతాయి. రక్తానికీ మెదడుకీ మధ్య ఉండే అడ్డుగోడ అక్కడ సడలుతుంది. ఫైబ్రినోజన్ లాంటి రక్త ప్రోటీన్లు లోపలికి కారతాయి, మెదడులోనే ఉండే ఇమ్యూన్ కణాలు మైక్రోగ్లియా రెచ్చిపోతాయి, మాక్రోఫేజ్‌లు వచ్చి మైలిన్‌ను తుంచి మింగేస్తాయి. మైలిన్ తయారుచేసే ఆలిగోడెండ్రోసైట్ కణాలు చచ్చిపోతాయి. ఈ మొత్తంలో పక్కనున్న యాక్సాన్లు కూడా నలుగుతాయి.

సందేహాల_పుట్ట
> సాధారణంగా చెప్పే కథ ఇది

"సాధారణంగా" అని మీరే అన్నారు కాబట్టి అడుగుతున్నాను సార్. నేను ఇంకా మెడిసిన్ చదువుతున్నాను. 2004లో బార్నెట్, ప్రినియాస్ రాసిన పేపర్ సంగతేంటి? అప్పుడే పుడుతున్న మచ్చల్లో ఆలిగోడెండ్రోసైట్లు చచ్చిపోయి ఉన్నాయి, మైక్రోగ్లియా మేలుకుని ఉంది, కానీ టి కణాలు దాదాపు లేవు, మైలిన్‌ను మింగే మాక్రోఫేజ్‌లూ లేవు. అంటే ముందు చచ్చింది మైలిన్ తయారుచేసే కణం. ఇమ్యూన్ కణాలు తర్వాత శుభ్రం చేయడానికి వచ్చాయి. కథ తిరగబడింది కదా?

స్లైడ్‌బాక్స్
మంచి పేపర్ పట్టుకున్నారు. అది వచ్చినప్పుడు మా రంగంలో పెద్ద దుమారమే లేచింది. అలాంటి కణజాలం దొరకడమే అపురూపం. ఎంఎస్‌తో వెంటనే చనిపోయేవారు చాలా అరుదు కాబట్టి మచ్చ పుట్టిన తొలి గంటలు మైక్రోస్కోపు కిందికి రావు. వాళ్లు చూసింది 12 మంది కణజాలం.

అయినా నేను దాన్ని మీ అంత దూరం లాగను. ఒకటి, వాళ్లకు అప్పటికే ఎంఎస్ ఉంది. అది ఆ మచ్చకు మొదలు కావచ్చు గానీ జబ్బుకు మొదలు కాదు. టి కణాలు ఆ చోట కనిపించకపోయినా మెదడు పైపొరల్లోనో వెన్నునీటిలోనో ఉండి, వాటినుంచి వచ్చే రసాయనాలు పనిచేస్తూ ఉండవచ్చు. రెండు, అన్ని మచ్చలూ ఒక తీరువి కావు. 2000లో లూకినెట్టి బృందం తొలిదశ మచ్చల్ని నాలుగు రకాలుగా విడగొట్టింది. మొదటి రెండింట్లో టి కణాలు, మాక్రోఫేజ్‌ల పాత్ర ముందుంటుంది, వాటిలో రెండోదాంట్లో యాంటీబాడీ, దానికి తోడుగా దాడి చేసే కాంప్లిమెంట్ ప్రోటీన్లు కూడా కనిపిస్తాయి. మిగతా రెండింట్లో ఆలిగోడెండ్రోసైట్ పతనమే ముందుంటుంది. ఒక్కో మనిషిలో ఒక్కో రకమా, లేక ఒకే మచ్చ వయసును బట్టి రకరకాలుగా కనిపిస్తుందా అని పోట్లాట ఇంకా నడుస్తోంది. నేను రెండోవైపు మొగ్గుతాను, బల్ల గుద్ది మాత్రం చెప్పను.

మూడు, నాకు అన్నిటికంటే బలంగా తోచేది మందుల సాక్ష్యం. నాటలిజుమాబ్ ఆలిగోడెండ్రోసైట్‌ను కాపాడే మందు కాదు. రక్తంలోని లింఫోసైట్లు మెదడులోకి దిగకుండా గుమ్మంలోనే ఆపుతుంది, అంతే. 2006లో వచ్చిన దాని ట్రయల్‌లో కాంట్రాస్ట్ పట్టే మచ్చలు, అంటే స్కాన్ కోసం ఎక్కించే మందుతో వెలిగే తాజా మచ్చలు, 92 శాతం తగ్గాయి. లోపలి కణం దానంతట అది చస్తూ ఉంటే గుమ్మం మూసినంత మాత్రాన మచ్చలు ఆగకూడదు.

సందేహాల_పుట్ట
ఒప్పుకోను గానీ ఆలోచిస్తాను 🙂 మచ్చలు ఆగాయి సరే. వైకల్యం మెల్లగా పెరగడం ఆగిందా? దానిమీద తర్వాత వస్తాను.

గ్రే_స్కేల్
ఎంఆర్ఐ వైపునుంచి కొంత. కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు మచ్చ వెలిగిందంటే అక్కడ అడ్డుగోడ కారుతోందని అర్థం. అలా వెలగడం మామూలుగా కొన్ని వారాలే ఉంటుంది. కొత్తపేజీ గారికి పాతవి, కొత్తవి అని తేడా చెప్పింది దాన్నిబట్టే అయివుంటుంది.

పై చర్చకు పనికొచ్చే విషయం ఒకటుంది. 1990ల చివర్లో మ్యాగ్నెటైజేషన్ ట్రాన్స్‌ఫర్ అనే పద్ధతిలో ఒకే మనిషికి మళ్లీమళ్లీ స్కాన్లు తీసి, కొత్త మచ్చ వెలిగాక వెనక్కి వెళ్లి అదేచోటు చూశారు. మామూలు స్కాన్‌లో ఏమీ లేనట్టున్న ఆ చోట, వెలగడానికి వారాలు, నెలల ముందే సంకేతం తగ్గడం మొదలైంది. అంటే గోడ కారకముందే కణజాలంలో ఏదో జరుగుతోంది. పాథాలజీలో కూడా, మైలిన్ చెక్కుచెదరని చోట్ల మైక్రోగ్లియా గుంపులు కనిపిస్తాయి. అలాంటి గుంపులన్నీ మచ్చలుగా మారవు, చాలావరకు సద్దుమణుగుతాయని అనుకుంటున్నారు.

సిర విషయం కూడా స్కాన్‌లో తేటగా కనిపిస్తుంది. ఇప్పటి ప్రత్యేక స్కాన్లలో ఎంఎస్ మచ్చ నడిమధ్య సన్నటి సిర గీతలా కనబడుతుంది. మైగ్రేన్, బీపీ, వయసు వల్ల వచ్చే మచ్చల్లో ఎక్కువగా అది ఉండదు. కొత్త రోగనిర్ధారణ నియమాల్లో దీనికి చోటిచ్చారు. మెదడులో నీరుండే గదులైన జఠరికల నుంచి వేళ్లలా నిలువుగా చాచుకున్న మచ్చల్ని 1916లోనే డాసన్ వర్ణించాడు, అవి కూడా సిరల దారినే వెళ్తాయి.

తోడునీడ
మా ఆవిడకు ఎంఎస్. మీరంతా మచ్చ ఎలా పుడుతుందో మాట్లాడుతున్నారు, నాకు దానికంటే వెనక సంగతి కావాలి. వైరస్ వల్ల వస్తుందని ఎక్కడో చదివాను. పిల్లలకు అంటుతుందా? తను రోజూ అదే టెన్షన్ పడుతోంది.

సందేహాల_పుట్ట
ముందు మేడమ్ గారి టెన్షన్ తీరే మాట: ఎంఎస్ అంటువ్యాధి కాదండీ. కలిసి తింటే, ముద్దాడితే రాదు. ఎంఎస్ ఉన్నవారి పిల్లలకు మిగతావారికంటే అవకాశం కొంచెం ఎక్కువ, కానీ చాలామందికి రాదు. ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చేది కూడా నాలుగోవంతు సందర్భాల్లోనే.

వైరస్ అంటే ఎబ్‌స్టీన్-బార్. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఒంట్లో ఉండేదే, చాలామందికి వచ్చినట్టు కూడా తెలియదు. 2022లో అమెరికా సైన్యంలో కోటిమందికి పైగా దాచిన రక్త నమూనాల రికార్డుల్లోంచి ఎంఎస్ వచ్చినవారిని వెతికారు. పరీక్షకు నమూనాలు దొరికిన 801 మంది ఎంఎస్ రోగుల్లో, జబ్బుకు ముందు తీసిన చివరి నమూనాలో ఈ వైరస్ సోకని మనిషి ఒక్కరే. సోకాక ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరిగింది. దాదాపు అదేదారిలో సోకే సైటోమెగలో వైరస్‌తో అలాంటి పెరుగుదల లేదు.

మన చర్చకు దగ్గరిది ఆ పేపర్‌లోనే ఇంకోటి ఉంది. యాక్సాన్ దెబ్బతింటే దాని లోపలి న్యూరోఫిలమెంట్ అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. ఆ మోతాదు పెరిగింది వైరస్ సోకిన తర్వాతే, ముందు కాదు. అదే సైన్యపు నమూనాల మీద 2020లో వచ్చిన పరిశీలనలోనేమో మొదటి లక్షణానికి సుమారు ఆరేళ్ల ముందే న్యూరోఫిలమెంట్ పెరిగిందని తేలింది. కొత్తపేజీ గారూ, మీ "ఎప్పుడు మొదలైనట్టు"కు ఇదే దగ్గరి జవాబు అనుకుంటా. వైరస్ సోకడం ముందు, ఏళ్ల తరబడి గుట్టుగా యాక్సాన్ల నష్టం తర్వాత, కన్ను మసకబారడం ఆఖరున.

స్లైడ్‌బాక్స్
చూశారా, ఇప్పుడు ఇమ్యూన్ కణాలే ముందన్న నా వాదనకు మీరే సాక్ష్యం తెచ్చారు. ఆ వైరస్ దాక్కునేది బి కణాల్లో. 2022లోనే ఇంకో బృందం వైరస్ ప్రోటీన్ ఒకదానికీ, మెదడులోని గ్లియాల్‌క్యామ్ అనే ప్రోటీన్‌కూ పోలిక ఉందని, కొందరు ఎంఎస్ రోగుల యాంటీబాడీలు రెండింటినీ పట్టుకుంటాయని చూపించింది. బి కణాల్ని తీసేసే మందులు ఎంఎస్‌లో అంత బాగా పనిచేయడం దీనికి సరిపోతుంది. అయితే వైరస్ ఒక్కటే చాలదు. అందరికీ సోకితే కొద్దిమందికే ఎంఎస్ రావడం ఏమిటి? జన్యువులు, ధూమపానం, విటమిన్ డి లోపం, చిన్నవయసు స్థూలకాయం, ఇవన్నీ ముప్పు పెంచేవాటిలో ఉన్నాయి.

మోడరేటర్
నరాల టానిక్ ప్రకటన ఒకటి తీసేశాం. దయచేసి "మైలిన్‌ను 30 రోజుల్లో తిరిగి పెంచే" పొడులు ఇక్కడ అమ్మకండి. చర్చ కొనసాగించండి, బాగుంది.

పాతకాపు
మోడరేటర్ గారికి దండాలు. ఆ పొడి నేనూ కొన్నాను ఒకప్పుడు, సంగతి వదిలేద్దాం.

నా ప్రశ్న వేరు. నాకు నడక కంటే ముందు ఇబ్బంది పెట్టింది మతిమరుపు, ఆలోచన నెమ్మదించడం. స్కాన్‌లో మచ్చలు తక్కువే. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకున్నారు. మచ్చలు తక్కువున్నప్పుడు ఇది ఎక్కడినుంచి వచ్చింది?

స్లైడ్‌బాక్స్
బద్ధకం కాదండీ. ఎంఎస్ తెల్ల పదార్థపు జబ్బు అని చాలాకాలం అనుకున్నారు. 2011లో తొలిదశ రోగుల బయాప్సీలు 138 చూస్తే 53 మందిలో, అంటే 38 శాతంలో, మెదడు పైపొర కార్టెక్స్‌లో కూడా మైలిన్ పోయి ఉంది. వాటిలో ఎక్కువచోట్ల వాపు కణాలున్నాయి. కార్టెక్స్ మచ్చలు మామూలు స్కాన్‌లో సరిగ్గా కనిపించవు. దానికి తోడు థాలమస్ తొలిదశలోనే కుంచించుకుపోవడం మొదలుపెడుతుంది. సంకేతాలన్నీ కలిసేచోటు అది, అక్కడ తరిగితే ఆలోచన వేగం మీద పడుతుంది. మీకు ఏది ఎంత అన్నది మీ న్యూరాలజిస్టే చెప్పగలరు. కానీ స్కాన్‌లో మచ్చలు తక్కువ కాబట్టి మీ ఇబ్బంది అబద్ధం అనే మాట ఎవరన్నా పట్టించుకోకండి.

పాతకాపు
ఈ పోస్టు ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అంటిస్తాను. ఇంట్లోవాళ్లు చదవాలి.

కొత్తపేజీ
ఇంత వివరంగా చెప్తున్నందుకు అందరికీ థాంక్స్. యాక్సాన్ "నలుగుతుంది", "తెగుతుంది" అంటున్నారు. అసలు ఎలా తెగుతుంది? ఇమ్యూన్ కణం వచ్చి కొరుకుతుందా?

సందేహాల_పుట్ట
ఇది నాకు ఇష్టమైన భాగం, ఫిజియాలజీ.

మామూలుగా సోడియం ద్వారాలు మైలిన్ ముక్కల మధ్య ఉండే చిన్న ఖాళీల్లోనే గుమిగూడి ఉంటాయి. సంకేతం ఖాళీ నుంచి ఖాళీకి దూకుతూ పోతుంది, ఖర్చు తక్కువ. మైలిన్ పోతే సంకేతం ఆగిపోతుంది. యాక్సాన్ ఊరుకోదు, బట్టబయలైన పొడవంతా సోడియం ద్వారాలు పరుస్తుంది. సంకేతం మళ్లీ నడుస్తుంది గానీ నెమ్మదిగా, బోలెడు ఖర్చుతో. లోపలికి వచ్చిన సోడియాన్ని బయటికి తోడే పంపుకు ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే ఇంధనం, కావాలి. సరిగ్గా అదే సమయంలో వాపు వల్ల పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బకొడుతుంది. ఆలిగోడెండ్రోసైట్ నుంచి అందాల్సిన లాక్టేట్ అనే ఇంధనం కూడా ఆగుతుంది. ఏటీపీ చాలక సోడియం లోపలే పేరుకుంటుంది. అప్పుడు సోడియం, కాల్షియం మార్చుకునే ద్వారం ఎదురు తిరిగి కాల్షియాన్ని లోపలికి తెస్తుంది. కాల్షియం ఎక్కువైతే కాల్పెయిన్ అనే ఎంజైమ్ యాక్సాన్ అస్థిపంజరాన్ని కోసేస్తుంది. అక్కడ ఉబ్బి తెగిపోతుంది. ట్రాప్ లెక్కపెట్టిన కొసలు అలాంటివే.

అంటే మీరన్నట్టు కొరికే కణాలూ ఉన్నాయి, ఆకలితో కూలిపోవడమూ ఉంది. వేడికి లక్షణాలు తాత్కాలికంగా పెరగడానికీ ఇలాంటిదే కారణం: మైలిన్ పోయిన యాక్సాన్‌లో సంకేతం అంచు మీద నడుస్తోంది, ఒంటి వేడి కాస్త పెరిగినా ఆగిపోతుంది, చల్లబడితే మళ్లీ నడుస్తుంది. అది కొత్త నష్టం కాదు.

ఇంకొక్క మాట. 2011లో ఎలుకల వెన్నుపాములో బతికుండగానే మైక్రోస్కోపుతో చూసినవాళ్లు, మైలిన్ ఇంకా ఉండగానే కొన్ని యాక్సాన్లు ఉబ్బడం చూశారు. వాటిలో కొన్ని తెగిపోయాయి, కొన్ని మళ్లీ మామూలైపోయాయి. మైలిన్ ముందు, యాక్సాన్ తర్వాత అన్న వరస కూడా ప్రతిచోటా నిలవదు. అలా ఉబ్బిన దశలో ఆపగలిగితే చాలు అన్నదే నా ఆశ.

గ్రే_స్కేల్
ఆ సోడియం దారిని మూయాలని మనుషుల్లో ప్రయత్నించారు కూడా. ఆప్టిక్ న్యూరైటిస్ వచ్చినవెంటనే సోడియం ద్వారాలను మూసే ఫినైటోయిన్ అనే మూర్ఛ మందు ఇస్తే, రెటీనా నాడీపొర పలచబడటం 30 శాతం తగ్గిందని 2016లో ట్రయల్ ఫలితం వచ్చింది. ఆ పొరను ఓసీటీ అనే కంటి స్కాన్‌తో కొలుస్తారు. అక్కడి తంతువులకు మైలిన్ ఉండదు, అందుకే ఆ పొర తగ్గిందంటే యాక్సాన్లే పోయాయని అర్థం. చూపులో మాత్రం ట్రయల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కాబట్టి ఎవరూ మెడికల్ షాపుకు పరిగెత్తకండి. కొత్తపేజీ గారు ఓసీటీ చేయించుకోకపోతే డాక్టర్‌ను అడగవచ్చు.

తోడునీడ
నష్టం ఏళ్ల ముందే మొదలవుతుందంటున్నారు కదా. అయితే అందరూ ముందే స్కాన్ చేయించుకుంటే?

గ్రే_స్కేల్
వద్దండీ. తలనొప్పి కోసం స్కాన్ తీస్తే తెల్ల చుక్కలు కనిపించేవాళ్లు కోకొల్లలు, వాళ్లలో అత్యధికులకు ఎంఎస్ ఉండదు. ఊరికే భయం మిగులుతుంది.

ఇతర కారణానికి తీసిన స్కాన్‌లో అచ్చం ఎంఎస్ మచ్చలే కనిపించి, లక్షణాలు ఏమీ లేకపోతే దాన్ని ఆర్ఐఎస్ (రేడియలాజికల్లీ ఐసొలేటెడ్ సిండ్రోమ్) అంటారు, 2009 నుంచి ఆ పేరు. అలాంటివారిలో పదేళ్లలో సగంమందికి మొదటి లక్షణం వస్తుంది. అంటే సగంమందికి రాదు కూడా. వాళ్లకు డైమిథైల్ ఫ్యూమరేట్ అనే ఎంఎస్ మందు ఇచ్చి చూసిన ట్రయల్‌లో మొదటి లక్షణం ముప్పు 80 శాతానికి పైగా తగ్గింది. తొలిదశలో ఆపవచ్చనడానికి ఇది గట్టి ఆధారం. కానీ అది మచ్చలు బయటపడినవారి మాట, వీధిలో వెళ్లే అందరి మాట కాదు.

కొత్తపేజీ
మరి మైలిన్ తిరిగి రావడం? అదైనా నిజమేనా?

స్లైడ్‌బాక్స్
నిజమే. మెదడులో ఆలిగోడెండ్రోసైట్లకు ముందుదశ కణాలు చాలా ఉంటాయి, అవి వచ్చి కొత్త మైలిన్ చుడతాయి. మైక్రోస్కోపులో అలాంటి మచ్చలు పలచని నీడల్లా కనిపిస్తాయి, పొర పాతదాని కంటే సన్నగా ఉంటుంది. కొందరిలో చాలాచోట్ల జరుగుతుంది, కొందరిలో ఏమీ జరగదు, వయసు పెరిగినకొద్దీ మందగిస్తుంది. అయితే చుట్టడానికి లోపల యాక్సాన్ మిగిలి ఉండాలి. "తొడుగు వస్తుందేమో చూద్దాం" అన్న మీ మొదటి ప్రశ్నకు అందుకే వద్దంటాను.

సందేహాల_పుట్ట
ఇప్పుడు నా బాకీ. కొత్త మచ్చల్ని దాదాపు పూర్తిగా ఆపే మందులు వేసుకుంటూ, రిలాప్స్ ఒక్కటీ రాకుండా, మెల్లగా వైకల్యం పెరిగేవాళ్లు ఉన్నారు. దాన్ని ఏ కథలో పెడతారు సార్?

స్లైడ్‌బాక్స్
ఇక్కడ మీకు సగం మార్కులు ఇస్తాను. కొన్ని మచ్చలు ఆరిపోవు. మధ్యలో చల్లబడినా అంచున ఇనుము నిండిన మైక్రోగ్లియా వలయంలా నిలబడి, మెల్లగా బయటికి జరుగుతూ మైలిన్‌ను తింటూ ఉంటాయి. అక్కడ అడ్డుగోడ మూసుకుపోయి ఉంటుంది, కాంట్రాస్ట్ వెలగదు. రక్తంలో లింఫోసైట్లను ఆపే మందులు ఈ లోపలి మంటను సరిగ్గా అందుకోవు.

టోలెబ్రుటినిబ్ అనే మందు మెదడులోకి చేరి బి కణాల మీదా మైక్రోగ్లియా మీదా పనిచేస్తుంది. రిలాప్స్‌లు లేని మెల్లగా ముదిరే ద్వితీయదశ ఎంఎస్‌లో వైకల్యం పెరిగే ముప్పు 31 శాతం తగ్గింది. అదే మందు రిలాప్స్‌లు ఉన్న ఎంఎస్‌లో రిలాప్స్‌లను టెరిఫ్లునమైడ్ అనే పాత మందు కంటే మెరుగ్గా తగ్గించలేకపోయింది. ఒకే జబ్బులో రెండు వేర్వేరు మంటలున్నాయని చెప్పడానికి ఇంతకంటే చక్కటి ప్రయోగం నేను చూడలేదు.

గ్రే_స్కేల్
ఆ వలయాలు ఇప్పుడు స్కాన్‌లో కూడా కనబడుతున్నాయి, తొలి ఏడాది రోగుల్లో సైతం. కాబట్టి రెండో మంట చివర్లో వచ్చేది కాదు, మొదటినుంచీ పక్కనే ఉంది.

సందేహాల_పుట్ట
మిగతా సగం మార్కులు గ్రే_స్కేల్ గారి దగ్గర తీసుకున్నాను సార్.

స్లైడ్‌బాక్స్
తీసుకోండి. ఆ మందుతో కొందరికి కాలేయం తీవ్రంగా దెబ్బతింది, అది కూడా మీ నోట్సులో రాసుకోండి.